వంగనారు పోసే చెయ్యి

మా పెరడు పన్నెండు సెంట్లు. నర్సీపట్నం నుంచి గొలుగొండ వెళ్ళే రోడ్డు మీద, ఊరు అయిపోయిందో లేదో తెలియని చోట మా ఇల్లుంది. ఇంటి వెనక పెరడు, దాని వెనక వేరేవాళ్ళ చెరకు తోట. పన్నెండు సెంట్లంటే వినేవాళ్ళకి నవ్వులాటగానే ఉంటుంది. వంగి కలుపు తీసేవాళ్ళని అడిగితే వేరే మాట చెబుతారు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చి ఇరవై ఆరేళ్ళు. ఈ ఇరవై ఆరేళ్ళూ ఆ నేలని తవ్వింది నేను, గెత్తం మోసింది నేను, బోదెలు తీసింది నేను. గెత్తం అంటే పశువుల ఎరువు, మా వైపు అలాగే అంటారు. నెత్తి మీద తట్ట పెట్టుకుని మోసిన ఆ గెత్తం అంతా ఒకచోట పోస్తే మా ఇల్లు కనపడదు.

ఇంత చేసినా ఒక్క పని మాత్రం నా చేతికి రాలేదు. అది విత్తనం వెయ్యడం.

వానలు వెనకపట్టి, పొద్దున్నే గడ్డి మీద మంచు తడి కనిపించే రోజుల్లో మా ఇంట్లో చలికాలపు పెరడు మొదలవుతుంది. దసరా వెళ్ళిన వారం లోపు వంగనారు పొయ్యాలి. చిన్న మడి కట్టి, అందులో విత్తనం ఒత్తుగా చల్లి, నెల దాటాక జానెడైన మొక్కల్ని పీకి పెరడంతా నాటుకుంటాం. వంగనారు పోశాకే ముల్లంగైనా, కొత్తిమీరైనా, ఆనప పాదైనా. ముందు వంగ, తరవాతే మిగతావి. అది మా అత్త పెట్టిన వరస.

నారు పోసే రోజున అత్త తెల్లారకుండా తలారా స్నానం చేసేది. తడి జుట్టు ముడి వేసుకుని, మడి పక్కన గొంతుక్కూర్చుని, మూడు వేళ్ళతో విత్తనం తీసి చల్లేది. అత్త పొట్టి మనిషి, గొంతు మాత్రం రోడ్డు దాకా వినిపించేది. అలాంటి మనిషి ఆ కాసేపు నోరు విప్పేది కాదు. నేను నీళ్ళ బిందె తెచ్చి పక్కన పెడితే మాత్రం, తలెత్తకుండానే, "నీకెందుకే ఎండలో, నీడకెల్లి కూకో" అనేది. తెల్లవారి ఆరింటికి ఎండ ఎక్కడుంటుంది?

మొదటి రెండేళ్ళూ అది ప్రేమే అనుకున్నాను. మూడో ఏట తెలిసింది. అప్పటికి నాకు ఒకసారి అయిదో నెలలో కడుపు పోయింది, ఇంకోసారి మూడో నెల నిండకుండానే పోయింది. ఆ తరవాత మళ్ళీ రాలేదు. ఏడాదికి మొదటి విత్తనం కడుపు పండిన చెయ్యే ముట్టాలని మా అత్తింటివాళ్ళ పట్టింపు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలిసిన సంగతులు కొన్నుంటాయి కదా, అందులో ఇదొకటి. నాకు తప్ప అందరికీ తెలుసు.

అత్త చెడ్డది కాదు. ఈ మాట రాయకపోతే అన్యాయమవుతుంది. రెండోసారి పోయినప్పుడు నలభై రోజులు నన్ను మంచం దిగనివ్వలేదు. నా తలకి నూనె పెట్టింది, నా బట్టలు ఉతికింది. ఒక పేరంటంలో ఎవరో నన్ను చూసి మూతి తిప్పితే, పుచ్చుకున్న తాంబూలం అక్కడే పెట్టేసి నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది. అంత చేసిన మనిషి విత్తనం దగ్గరికి మాత్రం నన్ను రానిచ్చేది కాదు. ఈ రెంటినీ ఒకే మనిషిలో ఎలా ఇముడ్చుకోవాలో నాకు ఇప్పటికీ చేతకాదు.

అత్త మొన్న శ్రావణంలో పోయింది. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు మనిషి లేదు.

పదోరోజున ఇల్లంతా కడిగాం. మైల పడిన మట్టి కుండలు ఇంట్లో ఉండకూడదు, తీసుకెళ్ళి పారెయ్యాలి. ఇప్పుడు ఎవరింట్లోనైనా మట్టి సామాను ఎంతుంటుంది? మాకు ఒక నీళ్ళ కుండ, ఒక పెరుగు ముంత, వంటింటి అటక మీద ఒక ముంత. వరసకి పెద్దత్తయ్యే ఒకావిడ గుమ్మంలో కూర్చుని, "మట్టివన్నీ తీసెయ్యండే, బేగి తెవల్సండి, బ్రాహ్మడొచ్చేత్తాడు" అని కేకలేస్తోంది. నేను నీళ్ళ కుండ తీశాను, పెరుగు ముంత తీశాను, స్టూలు ఎక్కి అటక మీది ముంత కూడా దింపాను. మూడూ పట్టుకెళ్ళి, చెరకు తోట పక్కన పారే గెడ్డలో పడేసి వచ్చాను.

అటక మీది ముంతలో ఉన్నది విత్తనం. పైన ఒక పిడికెడు ఆనప గింజలు. వాటి కింద బూడిదలో కలిపి గుడ్డలో మూటగట్టిన వంగ విత్తనం. మా అత్త కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న రకం అది. తొడిమకి ముళ్ళుండి, కాయ మీద తెల్లటి చారలుండేది. ఏటా ఒక కాయని చెట్టు మీదే పసుపుపచ్చగా ముగ్గనిచ్చి విత్తనం తీసేది. ఇంకెవరి దగ్గరా లేదు. ఆవిడ దగ్గర తీసుకున్నవాళ్ళంతా రెండేళ్ళకే పోగొట్టుకుని ప్యాకెట్లకి తిరిగిపోయారు.

హడావుడిలో మర్చిపోయానని నాకు నేను చాలా రోజులు చెప్పుకున్నాను. పది రోజులు నిద్రలేదు, ఇంటినిండా జనం, ఎవరికైనా మతి పోతుంది. కానీ ఆ ముంతని నేను ఇరవై ఆరేళ్ళు దుమ్ము దులిపాను. చేతిలో పట్టుకుని గెడ్డ దాకా నడుస్తుంటే ఆనప గింజలు గలగలమన్నాయి. ఆ చప్పుడు విన్నాను. విని కూడా ఆగలేదు. అంతకు మించి నాకూ తెలియదు.

దసరా వచ్చింది, వెళ్ళింది. ఏడాది దాకా మాకు పండగల్లేవు. పండగ మర్నాడు మావయ్య పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయనకి ఎనభై దగ్గర పడ్డాయి. ఎడమ మోకాలు సహకరించదు. జీవితమంతా మాటలు అత్తకి వదిలేసి, తలూపడం తన వంతుగా పెట్టుకున్న మనిషి. అత్త పోయినప్పుడు కూడా ఆయన గొంతు పైకి రాలేదు.

"మడి సెయ్యాలి కదమ్మా" అన్నారు.

"చేస్తాను మావయ్యా" అన్నాను.

"మీ అత్త ముంత దింపేవా?"

"దింపుతాను."

ఆ రోజు నుంచి ఈ ప్రశ్న రోజూ వచ్చేది. పొద్దున్న టీ ఇచ్చేటప్పుడు ఒకసారి, పని మధ్యలో ఒకసారి. నేను దింపుతానన్న మాటే చెప్పేదాన్ని. మా ఆయన బస్సు కండక్టరు. డ్యూటీకి వెళ్తే మర్నాడే రావడం. ఇంట్లో మేమిద్దరమే కాబట్టి ఆ ప్రశ్నని వేరే ఎవరి మీదికీ తోసే వీలు కూడా లేదు.

పెరడు చూస్తే భయం వేసేలా ఉంది. వానాకాలమంతా ఎవరూ చెయ్యి పెట్టలేదు. తుంగ, గరిక మోకాలి ఎత్తున లేచాయి. ఎండిపోయిన బెండ మోళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి. నాలుగు రోజులు కొడవలితో కోసి, పారతో తవ్వి, తుంగ గడ్డలు ఒక్కొక్కటే ఏరాను. తుంగగడ్డ ఒక్కటి మిగిలినా నెల తిరిగేసరికి పదవుతుంది. మావయ్య కుర్చీలోంచే, "ఆ మూల ఇంకా ఉందమ్మా", "బెడ్డలు సితక్కొట్టు" అంటుండేవారు. తవ్వినదాన్ని రెండు రోజులు ఎండనిచ్చి, గెత్తం చల్లి, మళ్ళీ తిరగేశాను. నారుమడి కోసం తూర్పు వైపు మంచమంత చోటు తీసి, నేలకి జానెడు ఎత్తున మట్టి పోసి, చేత్తో నలిపి పిండిలా చేశాను. చుట్టూ నీళ్ళు నిలవకుండా కాలవ తీశాను. మడి ఎంత బాగా కుదిరిందో! ఆ మాట అనడానికి అత్త లేదని ఆ సాయంత్రం గట్టిగా అనిపించింది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క పనికే. "మడంటే మా కోడలే కట్టాలి" అని వీధిలో చెప్పేది.

మడి సిద్ధమైంది కానీ, అందులో వెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు.

ముందు వీధిలో అడిగాను. అందరూ నర్సరీ ట్రేలలో మొక్కలు తెచ్చుకునేవాళ్ళే. సంతలో, ఏజెన్సీ నుంచి దిగి వచ్చి అడ్డాకులు అమ్ముకునే ఒకావిడని అడిగాను. ముళ్ళ తొడిమ, తెల్ల చారలు అని చేతులతో చూపించాను. "మా కొండ మీద ఉంటాది, వొచ్చే వోరం తెత్తాను" అంది. వచ్చే వారం ఆవిడ రాలేదు. చివరికి ఆటో ఎక్కి నర్సీపట్నంలో విత్తనాల కొట్టుకి వెళ్ళాను.

"నాటు ముళ్ళ వంగ ఉందా?" అంటే కొట్టతను నవ్వాడు. "నాటుది ఎవులు కొంతారమ్మా ఇప్పుడు? ఇది తీసుకెల్లండి, కాయ ఇలాగే ఉంటాది" అని ఒక ప్యాకెట్ ఇచ్చాడు. బొమ్మలో చారలైతే ఉన్నాయి. ఇంటికొచ్చి చింపి చూస్తే విత్తనమంతా గులాబీ రంగు.

మర్నాడు వేరే పని మీద ఊళ్ళోకి వెళ్ళి మళ్ళీ ఆ కొట్లో ఆగాను. "ఈ రంగేటి బాబూ?" అని అడిగాను.

"మందమ్మా. కంపెనీవోలే పట్టించి ఇత్తారు" అన్నాడు.

మందంటే, మొక్క పెరిగాక పట్టే తెగుళ్ళకి కాబోలనుకున్నాను. అంతకంటే ఆలోచించే స్థితిలో లేను. నాకు కావలసిందల్లా ఆ రంగు పోవడం. మావయ్య చూపు మందగించినా, గులాబీ రంగు విత్తనాన్ని తన భార్య దాచిన విత్తనం అనుకునేంత మందగించలేదు. ఆయన స్నానానికి వెళ్ళిన సమయం చూసి, బట్టలుతికే బండ మీద టీ జల్లెట్లో పోసి కడిగాను. నాలుగు నీళ్ళు పోసినా వదల్లేదు. వేళ్ళతో రుద్దాను. రంగు పోయి విత్తనం లేత గోధుమ రంగులోకి వచ్చింది. నా అరచేతులు మాత్రం గులాబీగానే ఉండిపోయాయి. నీడలో పాత చీర మీద ఆరబెట్టి, పొయ్యి బూడిద కలిపి, సంతలో కొన్న కొత్త ముంతలో పోసి, మూతికి గుడ్డ కట్టాను. యాభైకి దగ్గర పడ్డ మనిషిని, దొంగతనం చేసిన పిల్లలా వెనకాముందూ చూసుకుంటూ చేశానీ పని. సిగ్గేసింది.

"ముంత దింపేను మావయ్యా" అన్నాను ఆ సాయంత్రం.

ఆయన ముంత వైపు ఒకసారి చూసి, "మంచిది" అన్నారు. "ఏసేదెవులు మరి? ఆ సందు సివర మీ ఒదిన్ని పిలుద్దారి. దాని సెయ్యి మంచిది" అన్నారు.

సందు చివరింటి ఒదినకి ముగ్గురు పిల్లలు. మంచి మనిషే, నాతో ఎప్పుడూ తేడాగా మాట్లాడలేదు. కానీ మావయ్య ఆ మాట అనగానే నా చెవుల్లో వేడి పుట్టింది. తవ్వింది నేను. తుంగ ఏరింది నేను. మట్టి నలిపి పిండి చేసింది నేను. వేళ్ళ సందుల్లో ఇంకా ఆ మట్టి ఉంది. అత్త ఉన్నన్నాళ్ళూ సరే, పెద్దది, ఆవిడ ఇల్లు, ఆవిడ పట్టింపు. ఆవిడ పోయాక కూడా మడి కట్టే వంతు నాది, విత్తనం వేసే వంతు పరాయింటిదానిదా?

"ఆవిడ ఊళ్ళో లేదు. కూతురి పురుడికి యలమంచిలి వెళ్ళింది" అన్నాను.

"అలాగైతే వొచ్చినాక ఏద్దారి. ఓ పది రోజులాగితే ఏటౌతాది."

నేను ఆగలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనం చేసి కునుకు తీస్తుంటే, ముంత పట్టుకుని మడి దగ్గరికి వెళ్ళాను. స్నానం లేదు, వరస లేదు, మంచి వేళ చూడలేదు. కోపంతో చల్లాను. ఒకచోట గుప్పగా పడింది, ఒకచోట పలచగా పడింది. పైన సన్నగా మట్టి జల్లి, ఎండుగడ్డి కప్పి, చెంబుతో నీళ్ళు చిలకరించాను. అంత పని చేసినా నాకు ఏ సంతోషమూ కలగలేదు. లోపల ఏదో తప్పు చేశానన్న దడే.

నాలుగింటికి మావయ్య లేచి పెరట్లోకి వచ్చి తడి గడ్డి చూశారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఏమంటారోనని చూస్తున్నాను. "గడ్డి కొంచెం పల్సన సెయ్యమ్మా" అని కుర్చీలో కూర్చున్నారు. అంతే.

ఆరో రోజున గడ్డి ఎత్తి చూశాను. ఏమీ లేదు. ఏడో రోజున ఒక మూల రెండు మొలకలు కనిపిస్తే గబగబా గడ్డంతా పక్కకి లాగాను. తీరా చూస్తే తుంగ. ఎనిమిది, తొమ్మిది. మంచమంత మడిలో వంగ మొలకన్నది ఒక్కటి లేదు.

ఆ తొమ్మిదో రోజు పొద్దున్న మడి దగ్గర కూర్చుని నేనేమనుకున్నానో దాచకుండా రాస్తాను. అత్త చెప్పిందే నిజం అనుకున్నాను. ఇన్నేళ్ళూ నేను లోపల్లోపల మూఢనమ్మకమని తిట్టుకున్నదంతా నిజమే, నా చేతిలో ఏదీ నిలవదు, నా కడుపులో నిలవనట్టే మట్టిలోనూ నిలవదు అనుకున్నాను. చదువుకున్నదాన్ని, పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని, అయినా అలాగే అనుకున్నాను. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాను.

ఎప్పుడొచ్చారో మావయ్య కర్ర ఊతంతో వచ్చి నిలబడ్డారు. ఇక దాచడానికి నాకు ఓపిక లేకపోయింది. కూర్చున్న చోటి నుంచే అంతా చెప్పేశాను. అత్త ముంత గెడ్డలో పారేసింది నేనేనని చెప్పాను. విత్తనం కొట్లోదని, రంగు కడిగేశానని, ఆయన నిద్రపోతుంటే వేశానని చెప్పాను. "గింజలు చప్పుడయ్యాయి మావయ్యా. విన్నాను. విని కూడా పారేశాను" అని కూడా చెప్పాను. చివరికి, "నా చెయ్యి మంచిది కాదు. అత్త అన్నదే నిజం" అన్నాను.

ఆయన కర్రతో మడి గట్టు పక్కన నేలని మెల్లగా గీకారు. "ఇలా రా, సూడు" అన్నారు.

వంగి చూశాను. గట్టు కింద ఒక రంధ్రం ఉంది. దాని చుట్టూ చిన్న మట్టి కుప్ప. ఆ మట్టిలో పొట్టు పొట్టుగా వంగ విత్తనం. ఒక చీమల బారు మడిలోంచి బయల్దేరి అందులోకి పోతోంది. వెనకాల వస్తున్న ఒక చీమ నోట్లో ఇంకా ఒక విత్తనం ఉంది.

"మందు కడిగేసేవు. సీమలు మోసుకుపోనాయి. మీ అత్త బూడిదలో యాపాకు పొడి కలిపేది, అందుకు ముట్టేవి కావు. సేతిదేటుందమ్మా ఇందులో" అన్నారు.

నేను ఆ చీమల్నే చూస్తూ ఉండిపోయాను. ఏడుపు ఆగిపోయింది. చేతిదేమీ లేదట. మందు కడిగేశాను కాబట్టి మొలవలేదట. ఇంత చిన్న సంగతి.

"మీకెలా తెలుసు కడిగేనని?" అన్నాను.

"బండ మీద నీళ్ళు గులాబీగా ఉన్నాయి కదా. నీ సేతులూ సూసేను."

"మరి ముంత సంగతో?"

ఆయన చెరకు తోట వైపు చూస్తూ, "పదోరోజున నేను పెరటి అరుగు మీదే ఉన్నాను. నువ్వు నా ముందు నించే ఎల్లేవు. గింజల సప్పుడు నాకూ వినపడింది" అన్నారు.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. లేచి నిలబడ్డాను. మావగారి ముందు గొంతు పెంచడం మా ఇళ్ళల్లో లేదు. నేను ఏనాడూ పెంచలేదు. ఆ పొద్దున్న పెంచాను. "విన్నవాళ్ళు ఆపొచ్చు కదా మావయ్యా! ఒక్క మాట అనొచ్చు కదా! రోజూ ముంత దింపేవా, ముంత దింపేవా అని నన్నెందుకు తిన్నారు?"

"నువ్వే సెప్తావనుకున్నాను."

"మీరెప్పుడైనా ఏదైనా చెప్పారా, నేను చెప్పడానికి? ఇన్నేళ్ళు నన్ను విత్తనం ముట్టనివ్వకపోతే చూస్తూ కూర్చున్నారు కదా. అత్తతో ఒక్కసారైనా అన్నారా, ఇది తప్పే అని?"

మావయ్య కుర్చీ కోసం చూశారు. అది దూరంగా ఉంది. తెచ్చి వెయ్యాలని నాకు తెలుసు. తేలేదు. ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి, "అన్లేదమ్మా" అన్నారు. "తప్పని తెలుసు. ఏటా అందారనుకునేవోణ్ణి. ఇంట్లో గొడవెందుకులే అని ఊరుకున్నాను. నాకు మీ అత్తంటే బయం. పదోరోజున ముంత అట్టుకెల్తుంటే కూడా, పోనీలే, ఆ పిల్ల కడుపుమంట అలాగైనా తీరనీ అనుకున్నాను. నోరిప్పి ఆపితే సరిపోయేది. నువ్వు పారేసింది సూత్తూ ఊరుకున్న నాదీ పాపమే." ఆయనకి భార్య శవం దగ్గర రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. తుడుచుకోకుండా, "మీ అత్త కూడా, నువ్వేసింది మొలవకపోతే జనం నిన్నంతారనే బయపడేది" అన్నారు.

అది నిజమో, పోయిన భార్యని వెనకేసుకు రావడమో నాకు తెలియదు. నిజమే అయినా నాకు చాలదు. ఇంట్లోకి వెళ్ళి, ఉన్న గిన్నెలన్నీ మళ్ళీ తోమాను. ఆ మధ్యాహ్నం అన్నం పెట్టాను కానీ మాట్లాడలేదు.

అన్నం తిని ఆయన చొక్కా వేసుకున్నారు. ఆ మోకాలితో రోడ్డు దాకా నడిచి, ఆటో ఎక్కి, ఎవరికీ చెప్పకుండా ఊళ్ళోకి వెళ్ళి వచ్చారు. చేతిలో విత్తనాల ప్యాకెట్, చీమలకి చల్లే పొడి. గట్టు మీద పెట్టి, "కడక్కమ్మా" అన్నారు. నేను తలూపాను.

రెండు రోజులు మడి మళ్ళీ చేశాను. మట్టి తిరగేసి, చీమల రంధ్రాలు మూసి, గట్టు చుట్టూ పొడి చల్లాను. మూడో రోజు తెల్లవారి ప్యాకెట్ చింపబోతుంటే వెనక దడి తలుపు చప్పుడైంది. సందు చివరి ఒదిన. కూతుర్నీ బిడ్డనీ తీసుకుని ముందు రోజు రాత్రే యలమంచిలి నుంచి వచ్చిందట. మావయ్య నారు కోసం తనని అడిగారని ఎవరో చెప్పారట. తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని మరీ వచ్చింది. పాపం, సాయం చేద్దామనే వచ్చింది. మడి పక్కన కూర్చుని నా వైపు చెయ్యి చాపి, "ఇలాగియ్యి ఒదినా, బేగి ఏసేసి ఎల్తాను, పురిటి మనిసికి పత్తెం వొండాల" అంది.

ప్యాకెట్ నా చేతిలో ఉంది. ఇరవై ఆరేళ్ళ అలవాటు చిన్నది కాదు. నా చెయ్యి దానంతటదే ఆవిడ వైపు ముందుకి వెళ్ళింది.

మావయ్య కుర్చీలోంచి లేచారు. కర్ర కూడా తీసుకోలేదు. "నువ్వు లెగమ్మా" అన్నారు ఒదినతో. ఆ గొంతు అంత పైకి రావడం నేను ఎప్పుడూ వినలేదు. చెరకు తోటలో ఆకు కోస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. "మా ఇంట్లో నారు మా కోడలు పోత్తాది. ఈ యేడే కాదు, ఎప్పుడూ ఆవిడే పోత్తాది."

ఒదిన నన్ను చూసింది, ఆయన్ని చూసింది, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని లేచింది. నేను వంగి విత్తనం చల్లడం మొదలుపెట్టాను. చల్లుతుంటే ఏడుపు వచ్చింది, అందరూ చూస్తున్నా ఆపుకోలేదు. అత్త మీద కోపం, ఆవిడ ఇక లేదన్న దిగులు, ఈ మాట ఇంత ఆలస్యంగా వచ్చిందన్న బాధ, అన్నీ కలిసి వచ్చాయి. మడి ఆ కొస నుంచి ఈ కొస దాకా పూర్తయ్యేవరకు మావయ్య ఆ మోకాలితో నిలబడే ఉన్నారు. కూర్చోమని నేను అనలేదు.